సేవ్ కొట్టినవా అని అడిగిన రాజమల్లయ్య సార్

సిద్దిపేటలో పెళ్లిపత్రికలు, పుస్తకాలు కంపోజ్ చేస్తూ అక్షరారాధనలోనే జీవితం గడిపిన మా గురువు రాజమల్లయ్య సార్ మొన్న ఆదివారం ఉదయం గుండెపోటుతో పరమపదించారు. దవాఖాన నుంచి ఫోన్ వస్తే నేను నమ్మలేదు. ముందురోజు సాయంత్రమే దుకాణం షట్టర్ దించుతూ, "రేపు ఐతారం, రాకు బిడ్డా" అని చెప్పిన మనిషి.

ఎవరితోనూ గొడవ పడని ఆ సౌమ్యమూర్తికి ఆటోసేవ్‌తో మాత్రం ఆజన్మవైరం. కంప్యూటర్ కొన్ని నిమిషాలకోసారి తనంతట తానే పనిని దాచుకోవడం ఆయనకు గిట్టేది కాదు. మా వృత్తిలో కొత్త పత్రికను మొదటి నుంచి ఎవరూ చేయరు. పాతది తెరిచి, పేర్లు మార్చి, వేరుగా దాచుకుంటాం. ఒకసారి కోహెడ నుంచి ఒక తండ్రి వచ్చి, పెద్దబిడ్డ పత్రికలాంటిదే చిన్నబిడ్డకూ కావాలన్నాడు. తెరిచి చూస్తే అందులో వేరే జంట పేర్లున్నాయి. అంతకుముందు ఇంకెవరికోసమో మేం పేర్లు మారుస్తుండగానే ఆటోసేవ్ పాతదాన్ని మింగేసింది. "మనం మంచిగుందనుకున్నంకనే ఉంచాలె. అడగకుంట అది ఉంచుడేంది?" అని సార్ మండిపడి, ఆ రోజే దాన్ని బంద్ చేశారు.

ఇక ఆ పని ఆయనే మీద వేసుకున్నారు. పక్క కుర్చీలోంచి తల తిప్పకుండానే, "సేవ్ కొట్టినవా బిడ్డా?" అనేవారు. చాయ్ తాగుతూ అదే, గిరాకీతో మాట్లాడుతూ అదే. నాకు తల వాచిపోయేది. భార్య పోయాక ఇంట్లో పలకరించే దిక్కు లేని మనిషికి అదే కబుర్లు చెప్పుకున్నట్టు.

ఒక మధ్యాహ్నం కరెంటు పోయి, నేను కొట్టిన కొండపాక కవిగారి పుస్తకం సగం ఎగిరిపోయింది. సార్ ఒక్క మాట దెప్పలేదు. కుర్చీ దగ్గరికి జరుపుకుని, పద్యం పద్యం చదువుతూ మళ్లీ కొట్టించారు. మర్నాడే నా కంప్యూటర్‌లో ఆటోసేవ్ పెట్టేశాను. ఆయన చిన్నబోయారు.

"ఇగ నేను అడిగేది లేదన్నట్టే గదా?"

"అయినా అడుగుండ్రి సార్" అన్నాను. చివరి శనివారం దాకా అడిగారు.

నిన్న ఒక్కదాన్నే దుకాణం తెరిచాను. ఆయన దశదినకర్మ పత్రిక నేనే చేయాలి. ఎవరిదో పాతది తెరిచి, 'కీర్తిశేషులు' అన్న మాట పక్కన సార్ పేరు కొట్టాను. సేవ్ నొక్కడానికి మాత్రం చెయ్యి రాలేదు. నొక్కితే ఒప్పుకున్నట్టే అనిపించింది. అట్లాగే చూస్తూ కూర్చున్నాను. ఇంతలో కరెంటు పోయింది. నిజం చెబుతున్నాను, ఆ పేరు ఎగిరిపోయిందనుకుని సంతోషించాను.

కరెంటు వచ్చాక తెరిస్తే, సార్ పేరు ఆ మాట పక్కనే ఉంది. యంత్రం నన్ను అడగలేదు.