దేంతో గారు

చెవి మీది పెన్సిలు తీసి, కళ్ళజోడు నుదుటి మీదికి నెట్టి, "దేంతో?" అంటారాయన. మా పరిశోధనశాలలో ఎవరు ఏ కొలత చెప్పినా ఇదే ప్రశ్న. అందుకే అందరికీ ఆయన దేంతో గారు. మేం కొలిచినవన్నీ, ముందు ముందు ఎవరైనా తీసి వాడుకునేలా భద్రపరచడం ఆయన ఉద్యోగం. ఉద్యోగం ఐదింటికి ముగిసేది. ప్రశ్న ముగిసేది కాదు.

ఓసారి వాళ్ళావిడ ఫోన్ చేశారు.

"మనవరాలికి ఒళ్ళు కాలిపోతోందండీ!"

"దేంతో చూశావు?"

"చేత్తో."

"ఆ చెయ్యి అంతకుముందు చన్నీళ్ళలో ఉందా?"

ఆవిడ ఫోన్ పెట్టేసిన తీరు మా గది దాకా వినిపించింది.

నేను మేడమీద పన్నెండు తేనెపెట్టెలు మూడేళ్ళపాటు రోజూ తూచాను. దిగేసరికి మెట్ల దగ్గర ఆయన.

"రాత్రి వాన పడింది. చెక్క తడిసిందా?"

"తడిసింది సార్. తేనెటీగల పేర్లు కూడా రాయమంటారా?"

"గుర్తుపట్టగలవా?" ఆశగా అడిగారు.

నా కొలతలు అందరూ చూసేలా బయటపెట్టిన నెలకి, ఎక్కడో దూరాన తేనెటీగలు పెంచే శాస్త్రవేత్త ఒకాయన మా పరిశోధనశాల పెద్దలకు రాశాడు. ఒకే రోజు అన్ని పెట్టెలూ రెండేసి కిలోలు పెరిగి, వారానికి తగ్గాయట. ఇవి తూచినవా, అల్లినవా? జవాబు చెప్పేదాకా నా డాక్టరేటు ఆపేశారు. ఎంత తలబాదుకున్నా నాకేమీ గుర్తు రాలేదు.

"కొలతలతో పాటే వివరాలు పెట్టానుగా! తొంభై పేజీలు," అన్నారు దేంతో గారు. "ఆయనా తెరవలేదు, నువ్వూ తెరవలేదు."

తెరిచాను. ఆ రోజు ఈదురుగాలి అని ఉంది. మూతలు ఎగరకుండా నేను రాళ్ళు పెట్టాను. వారానికి మూతలకి కొక్కేలు బిగించాక తీసేశాను. కింద పన్నెండు రాళ్ళ బరువులు, విడివిడిగా.

"ఇవెప్పుడు తూచారు సార్?"

"నువ్వు భోజనానికి వెళ్ళినప్పుడు. మూడుచోట్ల కుట్టాయి."

మొదటి పేజీలో రాసినవారి పేరు నాది ఒక్కటే.

"మీ పేరేది?"

"రోజూ ఎక్కి దిగింది నువ్వు. నేను మెట్ల దగ్గర నిలబడ్డానంతే."

మర్నాడు పొద్దున్నే ఆ శాస్త్రవేత్తకి ఆయనే ఫోన్ చేశారు. దులిపేస్తారనుకుని పక్కన నిలబడ్డాను.

"గాలి వీస్తే మీరు మూతల మీద ఏం పెడతారండీ?"

"ఇటుకలు."

"ఒక్కోటీ ఎంత బరువు?"

అవతల కాగితాలు తిరగేస్తున్న చప్పుడు. దేంతో గారు ఫోనుకి చెయ్యి అడ్డం పెట్టి నావైపు వంగారు.

"పాపం, తూచినట్టు లేడు. తొందరపెట్టకు."