బోటు ముక్కున మేకు

కళింగపట్నం తీరంలో ఫైబర్ బోటు ఎక్కడ పగిలినా ఈశ్వర్‌నే పిలుస్తారు. చేపలు వేటాడే ఇంట్లో పుట్టినా అతను సముద్రం మీదికి పోడు. కుర్రతనంలో విశాఖలో బోట్లు తయారుచేసే షెడ్డులో చేరి, గాజు నార మ్యాట్ పరచడం, రెసిన్ జిగురు పట్టించడం నేర్చుకుని ఊరికి తిరిగొచ్చాడు. ఆ గాజు పొడి చర్మంలో దిగితే రోజంతా దురద. పని దిగాక బోరింగు దగ్గర ఒళ్ళంతా కడుక్కుని, చొక్కా మార్చుకుంటే తప్ప కూతురు ఝాన్సీని ఎత్తుకోడు. పాపకు చిన్న దగ్గు వచ్చినా తన చేతులే వాసన చూసుకుంటాడు.

ఈ ఏడు వేట నిషేధంలో బావమరిది గిరిబాబు బోటు ఇసుక మీదికి చేరింది. ముక్కు దగ్గర డెక్కు మీద పగుళ్ళు. వెంట్రుకల్లాంటివి, అన్నీ ఒక మేకు దగ్గర పుట్టి నలుదిక్కులా పాకాయి.

ఆ మేకు గిరిబాబు తండ్రి సూరయ్య పాత కర్ర పడవది. ఆయన పోయాక పడవ విడగొట్టి, మేకు మాత్రం పసుపు రాసి దాచారు. పాత పడవ మేకు కొత్తదాన్ని కాస్తుందని ఆ ఇంటి నమ్మకం, ఆనవాయితీ. ఫైబర్ బోటు కొన్న రోజు సూరయ్య భార్య తాతమ్మ తన చేత్తోనే దాన్ని ముక్కున దిగగొట్టింది. కర్ర అయితే నీళ్ళకు ఉబ్బి మేకును బిగించి పట్టుకుంటుంది. ఫైబర్ ఉబ్బదు. మేకు పక్కన సందు అలాగే ఉండిపోయింది.

ఈశ్వర్ పగుళ్ళ మీద సిరా పూసి తుడిచాడు. ఎంత దూరం పోయాయో నీలంగా తేలింది. తర్వాత స్క్రూడ్రైవర్ పిడితో డెక్కంతా తట్టుకుంటూ వచ్చాడు. గట్టిగా ఉన్నచోట టకటకమంది. మేకు దగ్గర మొదలై లంగరు తాడు కట్టే గుంజ దాకా, తడిసిన అట్టపెట్టెను తట్టినట్టు మొద్దు శబ్దం. సన్నగా ఒక బెజ్జం వేశాడు. టీ రంగు నీళ్ళు కారాయి.

"పైపైన పగుల్లు కావు బావా. లోపల ప్లైవుడ్డు కుల్లిపోనాది. కోసీవాల" అన్నాడు.

"నీకు పగులు సూపిస్తే బోటంతా కోసీమంటావు. మంగలోడి దగ్గర గెడ్డం సూపించినట్టే" అని గిరిబాబు నవ్వాడు. "పుట్టీ ఎట్టి రంగేసీ. తలుపులు తెరిస్తే నాను ఎల్లిపోవాల." వేట నిషేధం ఎత్తేయడాన్ని అక్కడ తలుపులు తెరవడమంటారు.

"గాలికి లంగరు లాగితే గుంజ ఊడి సేతికొస్తాది. మేకు తియ్యాల, సెక్క మార్చాల, ఎండాల."

మేకు మాట వినగానే అక్కడే కూర్చున్న తాతమ్మ లేచి నిలబడింది. "అది మీ మావ సెయ్యిరా. ఆ సెయ్యి తీసీసి నా కొడుకుని నీలల్లోకి తోస్తావేటి?"

తల్లికీ భర్తకీ మధ్య ఈశ్వర్ భార్య తులసి పాపను చంకనేసుకుని నిలబడిపోయింది.

మర్నాడు గిరిబాబు ఇంజను సామాను కోసం శ్రీకాకుళం పోయాడు. ఈశ్వర్ చాలాసేపు బోటు పక్కన కూర్చున్నాడు. పుట్టీ పెడితే ఆ కుళ్ళిన బోటు తన చేతి మీదుగానే సముద్రంలోకి పోతుంది. పెట్టనంటే గిరిబాబే పెట్టుకుంటాడు. లేచి కటింగ్ మిషన్ ఆన్ చేశాడు.

ఆ రొదకు తాతమ్మ పరిగెత్తుకొచ్చేసరికి డెక్కు పెంకు లేచిపోయింది. లోపలి చెక్క నల్లగా, పిండితే నీళ్ళు కారేలా ఉంది. ఆమె దాని వంక చూడనే లేదు.

"ఊడిన మేకును పైన రెసిన్‌తో అతికించీస్తానత్తా, బెజ్జం లేకుండా" అన్నాడు.

"అతికించిన మేకు ఏటి కాస్తాది?" అని దాన్ని కొంగున కట్టుకుని వెళ్ళిపోయింది.

సాయంత్రం గిరిబాబు వచ్చి ఆ చెక్కను పిడికిట్లో నలిపి చూశాడు. ముద్దయింది. "కుల్లిందే, కాదన్ను. నన్ను అడగలేదేటి?" అన్నాడు.

జల్లుల మధ్య చెక్క తీసిన గూడు ఎండడానికి రోజులు పట్టింది. తలుపులు తెరిచాక ఊరి బోట్లన్నీ పోయాయి, గిరిబాబు ఒడ్డున వల బాగుచేసుకుంటూ కూర్చున్నాడు. ఈశ్వర్ అంచులు పల్చగా ఏటవాలుగా అరగదీసి, కొత్త చెక్క పెట్టి, మ్యాట్ పొర మీద పొర వేసి, గుంజ కింద ఇంకో రెండు ఎక్కువ వేశాడు. తట్టి చూస్తే ప్రతి చోటా ఒకటే గట్టి చప్పుడు. అన్నాళ్ళూ తాతమ్మ ఈశ్వర్ ఇంటి గుమ్మం తొక్కలేదు. ఝాన్సీ ఎదురొచ్చి చేతులు చాచినా ఎత్తుకోలేదు.

బోటు దిగిన ఉదయం అలలు ఎత్తుగానే ఉన్నాయి. ఈశ్వర్ కూడా భుజం వేసి తోశాడు. బోటు మొదటి అల దాటాక గిరిబాబు లంగరు తాడును ముక్కు దగ్గరి గుంజ నుంచి విప్పడం కనిపించింది. మేకు లేని ముక్కును అతను నమ్మలేదు. తాడు వెనక్కి లాక్కుపోయి ఇంజను పక్కన అడ్డంగా ఉన్న దుంగకు చుట్టాడు. అక్కడ బోటు అంచు పల్లం. వెనక నుంచి లంగరు పడితే ముక్కు అలకు తిరగదు, ప్రతి కెరటమూ ఇంజను మీదుగా లోపలికే వస్తుంది.

"బావా! ఎనక కట్టకు! గుంజకే కట్టు!" ఈశ్వర్ నడుములోతు నీళ్ళలోకి పరిగెత్తాడు.

ఇంజను రొద అందుకుంది. గిరిబాబు చేతులూపుతున్న బావను చూసి, సాగనంపుతున్నాడనుకుని తానూ ఒకసారి చెయ్యి ఊపాడు.