భద్రు రెండు తన్నులు

చక్రం చరిత్రలో చెప్పుకోదగ్గ ఘట్టాలు రెండే. దాన్ని ఎవరో కనిపెట్టడం మొదటిది. డ్రైవరు భద్రు దాన్ని తన్నడం రెండోది. ఖమ్మం నుంచి భద్రాచలం పోయే బస్సు ఎక్కడ ఐదు నిమిషాలు ఆగినా భద్రు దిగేవాడు, వెనక టైరును ఎడమకాలితో సరిగ్గా రెండుసార్లు తన్నేవాడు, ఎవరితో ఏమీ అనకుండా ఎక్కి కూర్చునేవాడు. ప్రభుత్వాలు మారాయి, చార్జీలు మారాయి, టైర్లు కూడా మారాయి. తన్నులు మాత్రం మారలేదు.

ఈ చరిత్రకు ప్రత్యక్షసాక్షి కండక్టరు జయరాజ్. టిక్కెట్లు కొట్టడం అతని ఉద్యోగం. అంతరిక్షం అతని బాధ్యత. 2006లో ఒక వారపత్రికలో అతని వైజ్ఞానిక ధారావాహిక వస్తోంది. కథానాయకుడైన ఆచార్యుడికి తెలియని నక్షత్రం లేదు. రాకెట్టులో పక్కన కూర్చుని "అద్భుతం ఆచార్యా!" అనడానికి ఒక సహచరుడున్నాడు. పదకొండో వారం సంపాదకుడి కార్డు వచ్చింది: "మీ ఆచార్యుడు సర్వజ్ఞుడు, సంతోషం. పక్కనున్నవాడు సీటుకు తొడిగిన కవరులా ఉన్నాడు. మూడు వారాల్లో వాడికి ప్రాణం రాకపోతే ధారావాహిక ప్రాణం తీస్తాం."

ఆదివారం ప్రార్థనయ్యాక పాస్టరుగారు ప్రకటనల్లో ఆ వారపు భాగం పేరు కూడా చదివేవారు. అప్పుడు జయరాజ్ భార్య లిదియా వెనక్కి తిరిగి అందరినీ ఒకసారి చూసేది. ఆ చూపును పోగొట్టుకోవడం జయరాజ్ వల్ల కాదు.

కొత్తగూడెం బస్టాండులో తలపట్టుకుని కూర్చున్నాడు. వెనక టైరు మోగింది, దబ్, దబ్.

ఆ వారం సహచరుడు "అద్భుతం" అనలేదు. దిగి రాకెట్టు కాలును రెండుసార్లు తన్నాడు. ఎందుకని ఆచార్యుడు అడిగితే "పోదాం పా" అన్నాడు. సర్వజ్ఞుడు మొదటిసారి నోరు తెరుచుకుని నిలబడ్డాడు.

ఉత్తరాలు వచ్చిపడ్డాయి. వేంసూరు టీచరమ్మ ఒకావిడ, వాడి మనసులో ఏదో పెద్ద గాయముందని తేల్చింది. తిరుమలాయపాలెం యువకులు ఆచార్యుణ్ణి అడ్డమొచ్చిన గ్రహం మీద దించేయమన్నారు. సంపాదకుడు పరవశించి, చివరి భాగంలో ఆ తన్నుల రహస్యం విప్పమన్నాడు.

జయరాజ్ రెండు సెలవులు పెట్టి విప్పాడు. ఉల్కాపాతంలో తండ్రిని పోగొట్టుకున్నవాడు, ఇనుములో ఎక్కడైనా ఆయన గుండె కొట్టుకుంటోందేమోనని తట్టి చూస్తున్నాడట. లిదియా చదివి ఏడ్చింది. పాస్టరుగారు ప్రకటనలు పక్కనపెట్టి ఆ పేరా మొత్తం చదివారు. సహచరుణ్ణే నాయకుణ్ణి చేసి ఇంకో ధారావాహిక రాయమని సంపాదకుడు కబురుపెట్టాడు.

భద్రుకు దాన్ని ఇంట్లో భార్య హేమ్లి చదివి వినిపించింది. మర్నాడు పాల్వంచలో బస్సు ఆపి వెనక్కి తిరిగాడు.

"ఏంది తమ్మీ, మా అయ్యను చంపినవట?"

"మీ అయ్యను గాదన్నా! కథల సహచరుని అయ్యను."

"తన్నులు నావైనంక అయ్య ఎవని అయ్య? కారేపల్లి తండాల సుబ్బరంగ ఉన్నడు ముసలోడు. నిన్ననే నా బీడీకట్ట గుంజుకున్నడు."

జయరాజ్ ఐదేళ్లు ఒకే బస్సులో తిరిగి ఒక్కసారీ అడగని మాట అప్పుడడిగాడు.

"మరి ఎందుకు తంతవన్నా?"

భద్రు దిగాడు. రెండుసార్లు తన్నాడు. ఎక్కి కూర్చున్నాడు.

"క్లచ్ తొక్కీ తొక్కీ కాలు తిమ్మిరెక్కుతది," అన్నాడు.