నా పేరు కొట్టేసిన ఏట్టయ్య

మంగళవారం ఉదయం రోల్‌కాల్‌కు వరుసలో నిలబడి ఉండగా మా ఏట్టయ్య పోయారని తెలిసింది. తమిళనాడులో మా ధర్మపురి వైపు హెడ్ కానిస్టేబుల్‌ని ఏట్టయ్య అంటాం. తన ఊరు ఇండూరులో టమోటా తోటకు నీళ్లు మళ్లించి, గట్టు మీద కూర్చున్న మనిషి మళ్లీ లేవలేదట. ఇన్‌స్పెక్టర్ ఫోన్ జేబులో పెట్టుకుని ఆ సంగతి చెప్పి, ఆ తర్వాత ఆ రోజు డ్యూటీలు చదివారు. నా డ్యూటీ వచ్చినప్పుడు సరే సార్ అన్నాను. అదేం డ్యూటీయో ఇప్పుడు గుర్తు లేదు.

జిల్లా పోలీసు ఆఫీసు నెలకొక పేజీ వేస్తుంది. ఎవరికి ప్రశంసాపత్రం వచ్చింది, ఎవరు రిటైరయ్యారు, ఎవరు పోయారు, అన్నీ అందులోనే. మా స్టేషన్‌లో రాతపనులు చూసే రైటర్‌ని కాబట్టి మా కబుర్లు రాసి పంపేది నేనే. మధ్యాహ్నంలోపు తమిళంలో నాలుగు వరుసలు రాసి పంపేశాను. సొంత ఊరు, పనిచేసిన స్టేషన్లు, భార్య, ఇద్దరు కొడుకులు. ఒక్క కొట్టివేత కూడా పడలేదు. ఇది మాత్రం తెలుగులో రాస్తున్నాను. మా స్టేషన్‌లో దీన్ని చదవగలిగినవాళ్లు లేరు. ఇంట్లో తెలుగే మాట్లాడే ఏట్టయ్యకు కూడా తెలుగు అక్షరాలు వచ్చేవి కావు. నాకు మా తాత నేర్పాడు కాబట్టి వచ్చాయి. మీరైనా చదువుతారని రాస్తున్నాను.

ఆ సాయంత్రం సోగత్తూరులో మా ఇంటికి వెళ్లి మామగారికి చెప్పాను. ఆయన పేపరు దించి, "ఎవురు, నీ పేరు కొట్టేసిన ఏట్టయ్యేనా?" అని అడిగారు. అవునన్నాను. పాపం అని మళ్లీ పేపరు ఎత్తుకున్నారు. ఆ పేరు కొట్టేసిన సంగతి మీకు చెప్పాలి. అది దాటేసి ఆయన గురించి మంచి రాయడం నా వల్ల కాదు.

అప్పట్లో రైటర్ ఆయనే. ప్రశంసాపత్రాల కోసం నెలనెలా పేర్లు పంపాలి. ఎక్కడైనా ఎస్సై చెప్పిన పేర్లే రైటర్ రాస్తాడు. మా ఏట్టయ్య అలా రాసేవారు కాదు. ఒక కేసు ముగిసిన రెండు వారాలకు, ఖాకీ చొక్కా విప్పి తెల్ల చొక్కా తొడుక్కుని, మోపెడ్ మీద ఫిర్యాదు ఇచ్చినవాళ్ల ఇంటికి వెళ్లేవారు. పోలీసు వచ్చాడని వీధంతా తొంగి చూడకూడదని ఆ తెల్ల చొక్కా. బూట్లు గడప బయటే విడిచి, ఇచ్చిన నీళ్లు తాగి, మా వాళ్లలో మీకు ఎవరు గుర్తున్నారని అడిగేవారు. వాళ్లు చెప్పిన పేరే జాబితాలోకి వెళ్లేది. పేరు తెలియకపోతే పోలిక చెప్పమనేవారు. మీసం లేకుండా లావుగా ఉన్నాయన అంటే చాలు, ఎవరో తెలిసిపోయేది. ఎవరూ గుర్తు లేరంటే ఆ నెల జాబితా ఖాళీగానే పోయేది, ఏట్టయ్యకు చీవాట్లు పడేవి. మొండిఘటం అని వెనకాల అందరూ అనేవాళ్లు. నేనూ అన్నాను. ఇంత తిరుగుడు మీకెందుకని ఒకసారి మొహం మీదే అడిగాను కూడా.

"మనం చేసింది మనకు గ్యాపకం ఉంటుంది పాపా. వాళ్లకేం గ్యాపకం ఉందో పోయి అడగల్ల గదా," అన్నారు.

స్టేషన్‌లో తెలుగువాళ్లం మేమిద్దరమే. ఆయన గట్టిగా మాట్లాడేది తమిళంలో, మెల్లగా మాట్లాడేది తెలుగులో, అదీ నాతో మాత్రమే. మధ్యాహ్నం రికార్డు గదిలో టిఫిన్ డబ్బా విప్పి, మూత మీద ఒక రాగి ముద్ద పెట్టి నావైపు తోసేవారు. మిగతావాళ్ల ముందు దాన్ని కళి అనేవారు, నాతో సంగటి అనేవారు. చంటిపిల్లను అత్తగారి దగ్గర వదిలి డ్యూటీకి వచ్చిన కొత్తలో, పాలు కట్టి జాకెట్టు తడిసి, ఏడుపు మింగుకుంటూ కూర్చునేదాన్ని. ఆయన ఏమీ అడిగేవారు కాదు. ఏదో ఒక ఫైలు సాకుగా నా చేతిలో పెట్టి, ఇంటికి పోయి బిడ్డను చూసుకుని రా పాపా, ఎవరైనా అడిగితే నేను పంపినానని చెప్పు అనేవారు. ఈ ఉద్యోగంలో నేను నిలిచానంటే ఆ మెల్లటి మాటల వల్లే.

ఆరేళ్ల కిందట బస్టాండులో ఒక పిల్ల తప్పిపోయింది. తల్లి ఏ. పళ్లిపట్టి అనే ఊరి నుంచి ఆస్పత్రి పని మీద వచ్చింది. ఆ పిల్లను కనిపెట్టింది నేను. సేలం బస్సులో కిటికీ పక్కన నిద్రపోతోంది. ఇంకో పది నిమిషాలైతే బస్సు కదిలేది. పేపర్లో నా ఫొటో వచ్చింది. రిపబ్లిక్ డే నాడు కలెక్టర్ చేతుల మీదుగా ప్రశంసాపత్రం ఇప్పిస్తానని ఎస్సై నా పేరు చెప్పారు. మామగారు చుట్టాలందరికీ కబురు పంపారు. పోలీసు ఉద్యోగమంటే మొహం ముడుచుకునే అత్తగారు కూడా ఆ ఫొటో పట్టుకుని పక్కింటికి వెళ్లి చూపించి వచ్చింది. నాకు ఆ కాగితం కావాలి. దాంతో ఇంట్లో నా ఉద్యోగం గురించి సణుగుడు ఆగిపోతుంది.

రెండు వారాలకు ఏట్టయ్య ఎప్పటిలాగే తెల్ల చొక్కా వేసుకుని ఏ. పళ్లిపట్టి వెళ్లారు. తిరిగొచ్చి నన్ను రికార్డు గదిలోకి పిలిచారు.

"ఆ తల్లి నీ పేరు చెప్పలేదు పాపా. ఆయమ్మకు బెంచీ గ్యాపకం ఉండాది," అన్నారు.

ఏ బెంచీయో నాకు తెలుసు. ఆ ఉదయం ఆమె ఏడుస్తూ మెట్లెక్కినప్పుడు ముందు బల్ల దగ్గర ఉన్నది నేనే. రిజిస్టరు నింపుకుంటూ, పిల్లలు ఎక్కడికి పోతారు, వచ్చేస్తుంది, కాసేపు ఆ బెంచీ మీద కూర్చోమన్నాను. ఫిర్యాదు రాసుకోలేదు, వైర్‌లెస్‌లో చెప్పలేదు. ఆమె గంటసేపు కూర్చుంది. చివరికి ఒక హోంగార్డు ఆగి, ఎందుకమ్మా ఏడుస్తున్నావని అడిగాడు. అప్పుడు మొదలైంది వెదకడం. నేను పరిగెత్తింది ఆ తర్వాతే. ఆ తల్లి దీన్ని నేరంగా చెప్పలేదట. మేడం కూర్చోమంటే కూర్చున్నాను, ఆ అన్న వచ్చి అడిగాడు అని మామూలుగా చెప్పిందట.

ఆయన నా ఎదుటే నా పేరు మీద గీత గీసి, పక్కన హోంగార్డు పేరు రాశారు. ఎందుకు కొట్టేశావని ఎస్సై ఎంత అరిచినా కారణం చెప్పలేదు. చెప్పి ఉంటే నాకు మెమో వచ్చేది. ఆయన నన్ను కాపాడారని అప్పుడు తోచలేదు. ఒళ్లు మండిపోయింది. ఇంటికి వెళ్లి, ఓర్వలేక నా పేరు కొట్టేశాడని చెప్పాను. మామగారు ఇప్పటికీ అదే నమ్ముతున్నారు.

మర్నాటి నుంచి నేను ఆయనతో తెలుగు మానేశాను. తగాదా పడలేదు, పని ఎగ్గొట్టలేదు. ఆయన తెలుగులో అడిగితే తమిళంలో జవాబు చెప్పేదాన్ని, అంతే. చుట్టూ తమిళమే ఉన్న మా ఊళ్లలో తెలుగు మాట్లాడేది సొంత మనుషులతోనే. అలాంటి మనిషికి తమిళంలో బదులిస్తే, నువ్వు నాకేమీ కావు అని మొహం మీద చెప్పినట్టే. ఆ రోజు మూత మీద సంగటి పెట్టి తోసినప్పుడు, వేండామ్ ఏట్టయ్యా, అక్కర్లేదు అన్నాను. ఆయన కాసేపు మూత మీద చేయి అలాగే ఉంచి, తర్వాత ముద్దను డబ్బాలోకి తీసుకున్నారు. కానీ తెలుగు మానలేదు. ఆరేళ్లు ఆయన తెలుగులోనే అడిగారు, నేను తమిళంలోనే చెప్పాను.

ఆయన చేసింది న్యాయమని ఏడాది తిరగకముందే నాకు తెలుసు. ఇప్పుడు ఎవరు మెట్లెక్కినా ముందు లేచి నిలబడతాను, ఫిర్యాదు రాసుకున్నాకే కూర్చోమంటాను. రైటర్ పని నా చేతికి వచ్చాక నేనూ యూనిఫారం విప్పి, చీర కట్టుకుని ఇళ్లకు వెళుతున్నాను. ఆయన అదంతా చూశారు. ఆయనకు ఇంకో నాలుగు నెలల్లో రిటైర్మెంటు. ఆ రోజు దండ వేసి తెలుగులో చెప్పేద్దామని ఒక మాట కూడా సిద్ధం చేసి పెట్టుకున్నాను. ఆ రోజు మీరు చేసిందే సరి పెద్దాయనా, అని. అంత చిన్న మాటకు ఒక మంచిరోజు చూసుకున్నాను, చూడండి.

బుధవారం అందరం ఇండూరు వెళ్లాం. వాకిట్లో పందిరి కింద పడుకోబెట్టారు. యూనిఫారం తొడిగారు. పూలదండలు వేశాం, వందనం చేశాం. నాకు ఏడుపు రాలేదు. ఎడమ బూటు లేసు వదులైందని, దాన్ని ఎప్పుడు కట్టుకోవచ్చా అని చూస్తూ ఉన్నాను. తర్వాత ఒక్కొక్కరం ఆయన భార్య దగ్గరకు వెళ్లాం. ఆఫీసర్లతో ఆమె తమిళంలో రెండేసి మాటలు మాట్లాడారు. నా వంతు వచ్చింది. ఖాకీలో ఉన్న ఆడదాన్ని చూడగానే ఆమె నా చేయి పట్టుకుని తెలుగులో అడిగారు.

"ఠేసన్‌లో మన మాట మాట్లాడే పాప ఒకతి ఉండాదని దినమూ చెప్తా ఉండె మా ఆయన. నువ్వేనామ్మా?"

దినమూ అన్నారు. నేను నోరు తెరిచాను. సిద్ధం చేసి పెట్టుకున్న మాట కోసం వెదికాను. ఆరేళ్లుగా ఆయన ఎదుట ఏది అలవాటు చేసుకున్నానో అదే వచ్చింది. ఏట్టయ్య చాలా మంచివారమ్మా అని తమిళంలో అన్నాను.

ఆమె నా చేయి వదిలేశారు. ఇంకెవరో అనుకున్నాను, ఏమీ అనుకోవద్దు అని ఆమె కూడా తమిళంలోనే మర్యాదగా చెప్పి, నీళ్లు తాగి వెళ్లమన్నారు. ఆ తర్వాత పక్కకు ఒరిగి, నా వెనక వరుసలో నిలబడి ఉన్న ఆడ పోలీసుల మొహాలు ఒక్కొక్కటిగా వెదకసాగారు.