సమురాయి దారిలో వాన

దసరాకి ఆయుధపూజ నాడు మా అత్తయ్య ఇంట్లో ఉన్న పనిముట్లన్నిటికీ బొట్లు పెట్టుకుంటూ వచ్చారు. మిక్సీకి, లాప్‌టాప్‌కి, మా ఆయన సైట్‌కి పెట్టుకెళ్ళే తెల్ల హెల్మెట్‌కి, చివరికి టీవీ పక్కనున్న బుల్లి ఇనుప శిరస్త్రాణానికి కూడా. మా ఆయనతో కలిసి పనిచేసిన ఒక జపాన్ ఇంజనీరు దోహా వదిలి వెళ్ళేటప్పుడు కానుకగా ఇచ్చాడది. గుప్పెట్లో పట్టేంత ఉంటుంది. నుదుటి మీద రెండు బంగారు రంగు కొమ్ములు.

ప్రసాదానికి వచ్చిన కింది ఫ్లాట్ అక్క దాన్ని చూసి ఆగిపోయింది. అక్కది జగిత్యాల దగ్గర పల్లె. ఇక్కడ దోహాలో, అల్ హిలాల్‌లో మేమున్న బిల్డింగ్‌లోనే ఉంటుంది, ఒక కంపెనీ ఆఫీసులో ఫైళ్ళన్నీ చూసుకుంటుంది. వాళ్ళాయనకి సముద్రంలో డ్యూటీ, వారాల తరబడి ఇంటికి రాడు.

"పెద్దమ్మా, గీ దేవుడెవరు? కొమ్ములున్నయ్ గద!"

"దేవుడు కాదమ్మా, ఆయుధం. ఏ దేశానిదైతే ఏవిటి, బొట్టు పెట్టకపోతే చిన్నబుచ్చుకోదూ?" అన్నారు అత్తయ్య.

మా ఆయన వివరించారు. జపాన్‌లో పూర్వం సమురాయిలని కత్తి పట్టిన యోధులుండేవారట, యుద్ధానికి వెళ్ళేటప్పుడు వాళ్ళు పెట్టుకునే శిరస్త్రాణానికి ఇది బొమ్మ అట. అక్క పులిహోర నములుతూ అంతా విని, "గట్లయితే పోయి సూసొద్దాం పా, సార్" అంది, వక్రా బీచికి పోదామన్నంత తేలిగ్గా.

అందరం నవ్వేశాం. కానీ ఆ మాట మమ్మల్ని వదల్లేదు. నేను పాఠాలు చెప్పే స్కూలుకి ఏప్రిల్‌లో సెలవులు రాగానే, చిన్న చిన్న గుంపుల్ని కోటలకీ కొండదారులకీ తీసుకెళ్ళే ఒక టూర్‌లో మేము నలుగురం చేరిపోయాం. బయల్దేరేముందు నెల రోజులు అల్ ఘర్రాఫాలోని మాల్‌లో నడక సాధన చేశాం. నేత చీర కింద స్పోర్ట్స్ షూస్ వేసుకుని అత్తయ్య మా అందరికంటే ముందు నడిచేవారు. బట్టల దుకాణాల వాళ్ళు ఆవిడకి సలాం చెప్పడం కూడా అలవాటు చేసుకున్నారు.

జపాన్‌లో మాకు గైడ్‌గా వచ్చింది ఒక సన్నటి అమ్మాయి. చేతిలో చిన్న జెండా, ముఖంలో ఎప్పుడూ ఏదో తప్పు జరిగిపోతుందేమోనన్న కంగారు. ముందుగా మమ్మల్ని మత్సుమొతో కోటకి తీసుకెళ్ళింది. నల్లటి కోట. చుట్టూ కందకం, కందకం మీదికి వంగిన చెర్రీ పూలు. నీళ్ళలో కోట తలకిందులుగా కనపడుతోంది. అక్క నోరు తెరిచి మళ్ళీ మూయలేదు.

లోపలి మెట్లు అటకెక్కే నిచ్చెనలా నిట్టనిలువుగా ఉన్నాయి. మా ఆయనది సైట్‌లో సేఫ్టీ ఉద్యోగం. ఆయనకి చెమటలు పట్టాయి.

"ఇదేం మెట్లు! దీనికి పర్మిట్ ఎవరిచ్చారు?"

శత్రువులు తొందరగా ఎక్కలేకుండా కావాలనే అలా కట్టారని గైడ్ అమ్మాయి చెప్పింది. నేనది తెలుగులో చెప్పగానే అత్తయ్య కొంగు బొడ్లో దోపారు. "శత్రువుల సంగతేమో గానీ, మోకాళ్ళ నెప్పులవాళ్ళని మాత్రం బాగానే ఆపుతారు. పదండి" అని ఎక్కడం మొదలుపెట్టారు. వెనక మా ఆయన, "అమ్మా, మూడు చోట్ల ఆనించు! రెండు కాళ్ళు, ఒక చెయ్యి! చెయ్యి వదలకు!" అని సైట్‌లో కూలీలకు చెప్పినట్టే చెప్పుకుంటూ వచ్చారు. పైఅంతస్తు కిటికీలోంచి చూస్తే ఊరి అవతల మంచు కొండలు. ఇసుక తప్ప మరొకటి కనపడని చోట బతుకుతున్న మా కళ్ళకి ఆ తెలుపు ఒక పట్టాన నమ్మకం కలిగించలేదు. "పంచదార పోసినట్టుందిరా" అన్నారు అత్తయ్య మెల్లగా.

ఆ మధ్యాహ్నం పాత వీధిలో ఒక ఇంట్లో కవచాలు తొడుక్కుని చూడొచ్చన్నారు. మా ఆయన పొట్టకి తాళ్ళు అందలేదు. ఇద్దరు జపాన్ పెద్దమనుషులు రెండు పక్కలా లాగి, చాలా మర్యాదగా నవ్వి, వదిలేశారు. అక్కకి మాత్రం అచ్చు కొలత తీసి చేసినట్టు సరిపోయింది. చెక్క కత్తి ఎత్తి, "యల్లా! ఎవడొస్తడో రాండ్రి!" అని అరబ్బీ, తెలుగు కలిపి ఒక్క అరుపు అరిచింది. పక్క గదిలో కాగితం తలుపు తెరుచుకుని ఎవరో తొంగి చూసి, వెంటనే మూసేసుకున్నారు. గైడ్ అమ్మాయి మొదటిసారి పకపకా నవ్వింది.

ఆ నవ్వుతో ఆమె భయం పోయినట్టుంది. టీ తాగుతూ బోలెడు సంగతులు చెప్పింది. యుద్ధాలు ఆగిపోయి దేశం రెండు శతాబ్దాలకు పైగా ప్రశాంతంగా ఉన్నప్పుడు సమురాయిలలో చాలామంది కచేరీల్లో కూర్చుని గుమాస్తా పని చేసుకున్నారట. నడుముకి కత్తులు, చేతిలో లెక్కల కాగితాలు.

"అంటే ఆఫీసు పనే?" అంది అక్క.

"ఆఫీసు పనే."

"ఓర్నీ! గట్లయితే మా కంపెనీల అందరం సమురాయిలమే!" అని అక్క బల్ల మీద కొట్టింది. టీ ఒలికింది. మా ఆయన, సేఫ్టీ ఆఫీసర్‌ని ఏమంటారో జపాన్ భాషలో కనుక్కోమని నన్ను పోరారు. మాకు దేనికి నవ్వు వస్తుందో, దేనికి రాదో తెలియని స్థితి వచ్చేసింది.

మర్నాడు కొండల్లో నకసెండో అనే పాత రహదారిలో నడిచాం. ప్రభువులు, వాళ్ళ వెనక బారులు తీరిన సమురాయిలు రాజధానికి ఆ దారినే నడిచి వెళ్ళేవారట. రాళ్ళు పరిచిన బాట, రెండు వైపులా ఆకాశాన్నంటే దేవదారు చెట్లు. దారిలో అక్కడక్కడా కర్రకి కట్టిన కంచు గంట. అత్తయ్య ఆగి, గంట కొట్టి, కళ్ళు మూసుకుని దణ్ణం పెట్టుకున్నారు.

"అమ్మా, అది గుడిగంట కాదు. ఎలుగుబంట్లు దగ్గరికి రాకుండా కొట్టేది."

"రాకుండా చూడమనే దణ్ణం పెట్టుకున్నాన్రా!"

సగం దారిలో వాన మొదలైంది. ముందు ఆకుల మీద చప్పుడు, తర్వాత మా మీద. గైడ్ అమ్మాయి ముఖం పాలిపోయింది. మా ముందు నిలబడి నడుం దాకా వంగి, క్షమించమని అడిగింది. ఇంత దూరం నుంచి వచ్చిన మీకు ఇలా జరిగినందుకు చాలా విచారిస్తున్నానంది. సంచిలోంచి గొడుగులు తీసి చేతికివ్వబోయింది.

ఎవ్వరం తీసుకోలేదు. దోహాలో ఏడాదికి ఏదో ఒకటి రెండుసార్లు వాన పడితే రోడ్లు చెరువులైపోతాయి, మా స్కూలు మూసేస్తారు, అందరం కిటికీల దగ్గర నిలబడి వీడియోలు తీసుకుంటాం. ఇక్కడ మొత్తం కొండంతా కురుస్తోంది. తడిసిన మట్టి వాసన గుప్పున కొట్టింది. నేను కళ్ళజోడు తీసేసి ముఖం పైకెత్తాను. అక్క చెప్పులు చేతబట్టి నీళ్ళు పారుతున్న బాట మీద గంతులు వేసింది. అత్తయ్య రెండు అరచేతులూ చాచి నిలబడ్డారు. సేఫ్టీ మరిచిపోయిన మా ఆయన తడిరాళ్ళ మీద జారి, దబ్బున కూర్చుండిపోయి, అలాగే కూర్చుని నవ్వారు.

గైడ్ అమ్మాయి గొడుగులు పట్టుకుని అయోమయంగా చూసింది.

"నువ్వు క్షమాపణ చెప్పకు తల్లీ," అని తెలుగులోనే చెప్పి ఆమె బుగ్గలు నిమిరారు అత్తయ్య. "ఇంకాస్త గట్టిగా కురిపించు."

నేను ఇంగ్లీషులో చెప్పాను. ఆమె ఒక్క క్షణం ఆలోచించి, తన గొడుగు కూడా ముడిచేసింది.

సత్రం చేరేసరికి అయిదుగురం ముద్దయిపోయాం. సత్రం యజమానురాలు గుమ్మంలో మోకాళ్ళ మీద కూర్చుని నమస్కరించింది. అత్తయ్య చేతులు జోడించి వంగారు. ఆమె ఇంకా వంగింది. అత్తయ్య ఊరుకుంటారా? గైడ్ అమ్మాయి మధ్యలోకి వచ్చి ఇక చాలని చెప్పేదాకా ఇద్దరూ ఆపలేదు. స్నానాలు చేసి, వాళ్ళిచ్చిన నీలం నూలు అంగీలు తొడుక్కుని వసారాలో కూర్చున్నాం. అవతల వాన ఇంకా పడుతూనే ఉంది. అక్క ఊళ్ళో ఉన్న వాళ్ళమ్మకి వీడియో కాల్ చేసింది.

"అమ్మా, సూడే, ఎంత పచ్చగున్నదో!"

"అబ్బో! దుబాయ్‌ల గిన్ని చెట్లున్నయా? వాన గూడ పడుతున్నది! ఎండలకు సస్తున్నమని నాకు ఉత్తగనే జెప్పుకుంటొచ్చినవా?"

"ఇది దుబాయ్ గాదే, జపాన్!"

"గదేనే. దుబాయ్‌ల జపాన్."

అక్క నా వైపు చూసింది. నేను పెదవులు బిగబట్టాను. "ఔ అమ్మా, దుబాయ్‌ల జపానే" అంది అక్క. ఇక ఆపుకోలేక నేను అంగీ చేతిలో ముఖం దాచుకున్నాను.

టీ పట్టుకొచ్చిన యజమానురాలు ఫోన్లో పెద్దావిడ కనపడగానే పళ్ళెం కింద పెట్టి దానికి కూడా వంగి నమస్కరించింది. "దండం తల్లీ, నా బిడ్డకు కడుపు నిండ పెట్టు" అంది జగిత్యాల నుంచి అక్క వాళ్ళమ్మ. ఏమర్థమైందో గానీ ఆవిడ వాళ్ళ భాషలో "హాయ్, హాయ్", అంటే అలాగే అలాగే, అని తలూపి, మమ్మల్ని భోజనానికి లేవమని సైగ చేసింది. అత్తయ్య దోహా నుంచి మోసుకొచ్చిన కందిపొడి డబ్బా చంకన పెట్టుకుని అందరికంటే ముందు లేచారు.