తెగని కడ్డీకి రీడింగులు

పులివెందులలో మా ఇంజినీరింగ్ కాలేజీ ల్యాబ్‌లో ఆ రోజు ఉన్నవాళ్లు: మూడో సంవత్సరం విద్యార్థులం ఇరవై తొమ్మిది మంది, లెక్చరర్ ఒకరు. ఉన్న వస్తువులు: రికార్డు పుస్తకాలు, ఎర్ర పెన్ను, ఇనుప కడ్డీని తెగేదాకా లాగి దాని బలం కొలిచే యంత్రం ఒకటి. యంత్రానికి మోటారు లేదు.

నా రికార్డులో ఆ ప్రయోగం దగ్గర ఒకే వాక్యం రాశాను: యంత్రం పనిచేయలేదు, రీడింగులు తీసుకోలేదు. ధైర్యంతో రాసింది కాదు. ఆ వారంలో నాలుగు ల్యాబులకు రికార్డులు రాశాను. చదివిన వరుసే మళ్లీ చదువుతున్నాను. మెస్‌లో ప్లేటు ముందు కూర్చుని తినకుండా లేచి వస్తున్నాను. కుడిచేతి మూడు వేళ్లు మొద్దుబారాయి. లేని అంకెలు పుట్టించే ఓపిక మిగల్లేదు.

లెక్చరర్ ఆ పేజీని నిలువునా కొట్టేశారు.

"ఏందప్పా ఇది? బయటినుంచి వచ్చే ఎగ్జామినర్ చూస్తే నేనేం చెప్పాల? సోమవారానికి రీడింగులు రాసుకోని రా. లేదంటే నీ ల్యాబ్ పోయినట్టే."

ల్యాబ్ పోతే మరుసటి ఏడు జూనియర్లతో కూర్చుని అదంతా మళ్లీ రాయాలి. ఇంకోసారి రాసి బతికి బయటపడతానన్న నమ్మకం నాకు లేదు.

మా కాలేజీలో ఆ రీడింగులు యంత్రం నుంచి రావు, సీనియర్ రికార్డులోంచి వస్తాయి. ఆ రికార్డు అప్పుడు జమ్మలమడుగులో ఉంది. ఆదివారం పొద్దున్నే బస్సెక్కాను. పదికి ఎనిమిదిన్నర పాయింట్లతో పాసైన ఆ సీనియర్, వాళ్ల పెదనాన్న ఎరువుల అంగడి ముందు బస్తాలు దింపిస్తున్నాడు. తను కూడా ముందువాళ్లది చూసే రాశానని, యంత్రం తిరగడం తనకు తెలిసి ఎవరూ చూడలేదని చెప్పాడు.

"భద్రంగా తెచ్చియ్యి మామా. నా సర్టిఫికెట్ ఎవురూ అడగలే. దీన్ని మాత్రం ఏటా వచ్చి అడుగుతాండారు."

అతను నవ్వాడు. నాకు ఒళ్లు మండింది.

అక్కడి నుంచి ప్రొద్దుటూరు, మా ఇంటికి. నాన్నది గేట్లు, గ్రిల్సు చేసే వెల్డింగ్ షాపు. అతుకు నచ్చకపోతే చేసిన గేటును తానే కోసి మళ్లీ చేసే మనిషి. రాయొద్దంటాడనే వెళ్లాను. అంతా విని, నా వేళ్లను ఒక్కొక్కటిగా నొక్కి చూశాడు.

"నేను అతుకు సరిగ్గా పెట్టకుంటే గేటు ఎవురి మీదన్నా పడతాది. నువ్వు రాసేది ఎవురి మీద పడతాది నాయనా? రాసేసి బయటపడు."

నా మీదే పడుతుందని అనలేకపోయాను. నాన్న మీద కోపం వచ్చింది. ఆయన నోట ఆ మాట పలికించిన కాలేజీ మీద అంతకు పదింతలు వచ్చింది, ఇప్పటికీ తగ్గలేదు. మార్కులకు విలువ ఉందా అని జూనియర్లు అడుగుతుంటారు. ఉంది, కంపెనీలు మొదట చూసేది వాటినే. అవి దేన్ని కొలిచి వేసినవో మాత్రం నన్ను ఒక్కరూ అడగలేదు.

ఆ మధ్యాహ్నమే షాపులో బల్ల మీద కూర్చుని, ఎడమచేత్తో కుడి మణికట్టు పట్టుకుని సీనియర్ రికార్డులోంచి పదకొండు రీడింగులు దించాను. అచ్చం అవే ఉండకూడదని రెండు చోట్ల చివరి అంకె మార్చాను. గ్రాఫు కూడా గీశాను. సోమవారం లెక్చరర్ ఆ అంకెల వైపు చూడకుండానే సంతకం పెట్టారు. ఆ ల్యాబ్‌లో నాకు వచ్చిన మార్కులు వందకు తొంభై మూడు.