ఏడున్నర అడుగుల ఎద్దు

పదకొండేండ్ల సంది ఒక ఎద్దును మోస్తున్న. నవ్వకుండ్రి. కొమ్ములతోటి, మూపురంతోటి, వీపు మీద పత్తి నింపిన గోనె బోరెంతోటి సహా అది నా ఛాతీ మీద నిలబడి ఉన్నది. దాని గురించి నేను చెప్పిన కథ ఆదిలాబాద్ నించి కరీంనగర్ దాక తెల్వనోళ్ళు లేరు. మీరు కూడ ఎక్కడనో విని నవ్వే ఉంటరు. ఆ కథల ఎద్దు ఎత్తు ముప్పై అడుగులు.

నిజానికి ఏడున్నర. టేపు పట్టి కొలిచింది నేనే.

చూసిండ్రా, మొదలు పెట్టంగనే ఇరవై రెండున్నర అడుగులు తగ్గించవలసి వచ్చింది. నా అలవాటు అట్లాంటిది. మా ఇంట్ల పిల్లి పిల్లలు పెడితే, నేను బజారుకు పోయి చెప్పేసరికి అవి పులి పిల్లలైతయి. డ్రాయింగు మాస్టరును. చేతితోటి గీసిన గీత సక్కగనే వస్తది, నోటితోటి గీసిందే ఎటో పోతది. ఈ కాగితం మీద మాత్రం టేపు పట్టే రాస్త. ఎక్కడన్న ఉబ్బితే అక్కడనే దిద్దుకుంట. నా పేరు మాత్రం రాయను.

కొత్త రాష్ట్రం వచ్చిన రోజులు. ఆదిలాబాద్ పత్తి మార్కెట్ల నుమాయిష్, అదే ఎగ్జిబిషన్, పెడుదామన్నరు. మంత్రి వస్తడన్నరు. అలంకారమంత నా నెత్తిన పెట్టిండ్రు, ఊర్లె బ్రష్షు పట్టేటోన్ని నేనొక్కన్నే అయితిని. మార్కెట్ చౌరస్తాల అందరికి కనబడేటట్టు ఏదన్న నిలబెట్టాలె. పత్తి మోసే ఎద్దు అని నేనే చెప్పిన. చేసేటందుకు నిర్మల్ నించి నర్సయ్యను పిలిపించిన.

నర్సయ్య నకాషీ పనోడు. తేలికైన పొనికి కట్టెతోటి జామకాయలు, చిలుకలు చేస్తడు. అతని జామకాయను ఒక నిజం చిలుక పొడిచి ముక్కు ఇరగ్గొట్టుకున్నది. కాదు, ఇది నేను కల్పించిందే. కొట్టేసినట్టు అనుకోండ్రి. ఆ జామకాయను చూస్తే నోట్ల నీళ్ళు ఊరేటియి, అంతవరకు నిజం.

మొదటి రోజు చౌరస్తాల నిలబడి నాలుగు దిక్కుల చూసిండు. "అల్మారీలల్ల పెట్టుకునేటియి చేసి చేసి నా చూపే జానెడైంది సారూ. నలుగురు తలకాయ ఎత్తి చూసేది ఒక్కటన్న చెయ్యాలని ఉండె," అన్నడు. నేను ఏదో హాస్యమాడిన. అతను నవ్విండు కాని ఆ మాట హాస్యానికి అన్నది కాదు.

బొంగుల చట్రం కట్టిండు. దాని మీద పొనికి పలకలు, పలకల మీద లప్పం. చింతగింజలు నానబెట్టి, నూరి, ఉడకబెట్టి, రంపపు పొట్టు కలిపితే వచ్చే ముద్దనే లప్పం. కట్టె అతుకులన్ని దానితోటి కప్పుతరు. ఎండితే రాయి లెక్క అయితది. దాని మీద రంగు, రంగు మీద వార్నీషు. అల్మారీల ఉండే బొమ్మకు వార్నీషు మెరుపు కోసం, బయట నిలబడే బొమ్మకు పానం కోసం అని నర్సయ్యనే నాకు చెప్పిండు. కాబట్టి తెల్వక చేసిన అనేటందుకు లేదు.

ఇరవై రోజులు పట్టింది. బోథ్ దిక్కు నించి పత్తి తెచ్చిన బండి రైతు ఒకాయన ఎద్దు చుట్టు తిరిగి, మెడ మీద కాడి ఒరుసుకున్న కాయను వేలుతోటి తడిమి, "దీనికి ఆముదం రాస్తలేరా?" అని కోపం చేసిండు. ఇది పెంచలే. ఒట్టు. పెంచవలసిన అవసరం రాలే.

నుమాయిష్‌కు నాలుగు రోజుల ముంగట, అవ్వకు పానం బాగలేదని నర్సయ్యకు కబురు వచ్చింది. పోతు పోతు వార్నీషు డబ్బా నా చేతుల పెట్టి, మూడు పూతలు వెయ్యమన్నడు. ముందట ఎంతనో వెనుక అంతనే వెయ్యమన్నడు. కడుపు కింద మర్సిపోవద్దన్నడు.

ముందట మూడు పూతలు వేసిన. ఎద్దు మొఖం నిగనిగలాడింది. ఇగ వెనుకకు పోవాలె. పోయే తొవ్వల నా స్వాగతం బోర్డు ఉండె. నా అక్షరాలు, చుట్టూ మోదుగు పూలు, కింద మూలకు నా పేరు. ఎద్దు అట్ల మెరుస్తుంటే పక్కన నా బోర్డు జ్వరం వచ్చినట్టు కనబడ్డది. జర ఒక్క పూత అనుకున్న. ఒకటి వేస్తే రెండోది అడిగింది. మూడు పూతలయ్యేసరికి డబ్బా ఖాళీ.

ఇంకో డబ్బా దొరకదా? బజార్ల ఉండె. ఎందుకు తేలే? రేపు తెద్దామనుకున్న, అది నిజమే. ఎద్దు వెనుక ఎవడు చూస్తడనుకున్న, అదీ నిజమే. ఆ ఇరవై రోజులు వచ్చినోళ్ళు వచ్చినట్టు ఎద్దు చుట్టే తిరిగిండ్రు గాని, నా బోర్డు ముందట నిలబడి చదివినోడు ఒక్కడు లేడు, అది నా లోపల ఎక్కడనో ముల్లు లెక్క దిగి ఉండె, ఆ సంగతి అప్పుడు నాకు నేనే చెప్పుకోలే. ఈ మూడింట్ల ఏది ఎంతపాలు? టేపుకు దొరకదు.

నుమాయిష్ ముందటి రాత్రి కాలం కాని వాన. ఆకాశం కూలినట్టు… లేదు. గంటసేపు గట్టి వాన. తెల్లారి చూస్తే ముందటి నించి ఎద్దు పెండ్లికొడుకు లెక్క ఉన్నది. వెనుకకు నేను పోలే. భయమైంది.

మంత్రి వచ్చిండు. ఎద్దు వెనుక పత్తి బండ్లు విడిచి ఉన్నయి. వానకు నానిన చింతగింజల లప్పం పశువులకు కమ్మగ వాసన కొట్టింది. మంత్రి "రైతు సోదరులారా" అనేసరికి నాలుగు బండి ఎడ్లు మా ఎద్దు తొడలు నాకుతున్నయి. "ప్రగతి" అనేసరికి తోక పోయింది. జనం చప్పట్లు కొడుతుంటే వెనుక కాళ్ళు రెండు మడుచుకొని, ఎద్దు కుక్క లెక్క కూసున్నది. జనం నవ్విండ్రు. మంత్రి కూడ నవ్విండు. పత్తి మిల్లు సేటు "అరె బాపరే" అని కడుపు పట్టుకున్నడు.

అప్పుడే నర్సయ్య బస్సు దిగి వచ్చిండు. కొత్త అంగీ తొడుక్కున్నడు. తన ఎద్దును నలుగురు చూస్తుంటే చూద్దామని వచ్చిండు. జనం నడుమ నించి వెనుకకు పోయి, కింద పడ్డ ముక్క ఒకటి తీసి, నాలుక కొసకు ఆనించిండు. వాళ్ళ పనిల పరీక్ష అట్లనే. తర్వాత తల ఎత్తిండు. చూసింది నన్ను కాదు. నా బోర్డును. దాని మీద రాత్రి వాన చుక్కలు ఇంకా పూసల లెక్క నిలిచి ఉన్నయి.

"సారూ, వెనుక వార్నీషు వేసిండ్రా?"

"వేసిన."

"మూడు పూతలు?"

"మూడు."

"అట్లనా." ముక్కను వేళ్ళ నడుమ తిప్పిండు. "అయితే నా లప్పమే తప్పు."

ఆ ముక్క నా చేతుల పెట్టి పోయిండు.

అక్కడ ఆగితే ఒక్క అబద్ధంతోటి పోయేది. సాయంత్రం చాయ హోటల్ల అందరు నా చుట్టు మూగి, "ఏమైంది మాస్టరూ?" అన్నరు. భయమైతే నాకు నవ్వులాట వస్తది. "నర్సయ్య చేసింది బొమ్మ కాదురా బయ్, దాణా. ముప్పై అడుగుల దాణా!" అన్న. ముప్పై పుట్టింది అక్కడ. హోటల్ కూలినంత పని అయింది. ఈసారి నిజంగనే ఒక బెంచీ ఇరిగింది.

పత్తి బండ్లతోటి కథ పోయింది. బోథ్ చేరేసరికి ఊరి పశువులన్ని బలిసినయి. సుల్తానాబాద్‌ల మంత్రి కూడ ఒక ముక్క రుచి చూసిండు. ఆ మాట కలిపింది నేను కాదు, కాని విని మెచ్చుకున్న. అతనికి "దాణా నర్సయ్య" అని పేరు పడ్డది. మళ్ళ ఎవరు అతన్ని పెద్ద పనికి పిలువలే. ఇప్పటికీ నిర్మల్‌ల జామకాయలు చేస్తుండట. జానెడు చూపుతోటి.

పోయిన నెల చౌరస్తాల కొత్త విగ్రహం కోసం మళ్ళ మీటింగు కూసున్నం. ఆ బోథ్ రైతు, ముసలోడైండు, అతను కూడ వచ్చిండు. "కాడి కాయ చేసినాయనను పిలువుండ్రి," అన్నడు. అందరు గొల్లుమన్నరు. ఒక పడుచు పంతులు నా దిక్కు తిరిగి, "మీకు తెల్వదా మాస్టరూ, ముప్పై అడుగులట!" అని నా కథ నాకే చెప్పిండు. ముసలాయన ఒక్కడు నవ్వలే. నన్నే చూస్తుండు. చెప్పేటందుకు అంతకన్న మంచి సందు దొరుకుతదా? నేనేం చేసిన?

నవ్విన.

పని సిమెంటు విగ్రహాలు పోసేటాయనకు పోయింది.

ఇంటికి వచ్చి రంగుల పెట్టె తీసిన. ఆ ముక్క దాంట్లనే ఉన్నది. నాలుకకు ఆనించిన. జిగట. చింతగింజ రుచి. వార్నీషు ఎక్కడ లేదు. నర్సయ్యకు ఇది ఆ పొద్దే తెలిసింది. తెలిసి, నలుగురి ముందట నా పరువు కాపాడిండా? నా అంతట నేను చెప్తనేమో అని ఆగిండా? ఇంకా ఆగే ఉన్నడా?

మాఫ్ చెయ్యమని మిమ్మల్ని అడుగుతలేను. అది మీ చేతుల లేదు. ఇగ మీద ఎక్కడన్న ఎవరన్న ఆ కథ చెప్తుంటే నవ్వుండ్రి, కాని చివరికి ఒక మాట కలుపుండ్రి. ఎద్దు ఏడున్నర అడుగులు. వార్నీషు డబ్బా మాస్టరు దగ్గర ఉండె. వెనుక ఆయన వెయ్యలే.

ఆయన అని మళ్ళ తప్పించుకున్న.

నేను వెయ్యలే.